న్యాయస్థానమున బాధితుని చోటు

16వ శతాబ్దమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ తాను చూచినదియు విన్నదియు వ్రాసి పెట్టెను. అతడచ్చట నుండినది అచ్యుతరాయల కాలము. సుమారు 1535 మొదలు 1537 వఱకు. యుద్ధముల కథల నడుమ అతడొక చిన్న సంగతి చెప్పెను. అన్యాయమునకు గుఱియైనవాడు రాజు సవారి పోవు తఱిని మొఱపెట్టుకొనదలచినచో ఈటెకోలకు ఒక చెట్టుకొమ్మను గట్టి, దానిని చేత బట్టి, అఱచుచు నడచునట. అది చూచి జనులు త్రోవ యిత్తురట. రాజు మొఱ విని, వెంటనున్న నాయకులలో నొకనికి దానిని తీర్చు పని యొప్పగించును. ఫలాని సీమలో ఫలాని బాటపై నన్ను దోచిరని అతడు చెప్పినచో ఆ సీమ నాయకుని పిలిపింతురు. ఆ నాయకుడు దొంగను పట్టియియ్యజాలనిచో ఆతనినే పట్టి ఆతని యాస్తిని లాగికొనుటయు గలదు. నగరమున జరిగిన దొంగతనములకు నగరరక్షకుడు జవాబు చెప్పవలెను.

దొంగలను మంత్రగాండ్ర సాయమున గనిపెట్టుదురని కూడ నూనిజే వ్రాసెను. కావున అతని ప్రతి యక్షరమును నమ్మవలెనని నేననను. అయినను ఈ కొమ్మ గట్టిన ఈటెకోల నాకు మిక్కిలి విలువగల సాక్ష్యముగా దోచుచున్నది. అందు రెండు సంగతులున్నవి. సొమ్ము పోయినవానికి తన నోటితో దన కష్టము చెప్పుకొను త్రోవ కలదు. దొంగ దొరకలేదను మాటతో వాని వ్యవహారము ముగియదు. కాపాడవలసినవాడు కాపాడకపోయినందులకు బదులు చెప్పవలెను.

నేరము వలన నష్టపడినవానిని ఈనాడు బాధితుడందుము. నేరస్థుని గూర్చియు శిక్షలను గూర్చియు చెఱసాలలను గూర్చియు గ్రంథములు కొల్లలుగా గలవు. బాధితుని చరిత్రము మాత్రము ఎక్కడనో గ్రంథముల యంచులలో దాగియుండును. దానిని కొంత వెదకి చూచుటయే యీ వ్యాసము పని.

మన ధర్మగ్రంథములతో మొదలుపెట్టుదము. తెలుగునాట ననేక వైదిక కుటుంబములకు సూత్రకారుడైన ఆపస్తంబుడు రాజు నియమింపవలసిన రక్షకులను గూర్చి చెప్పుచు వారికి హద్దులు గీచెను. పట్టణమునకు నలుదిక్కుల యోజన దూరము, గ్రామమునకు క్రోశ దూరము వారు దొంగలబారినుండి కాపాడవలెను. ఆ హద్దులోపల పోయిన సొమ్మును వారిచేతనే యిప్పింపవలెను. గౌతముడు మఱియొక యడుగు ముందునకు వేసెను: దొంగలనుండి సొమ్ము రాబట్టి రాజు సొంతదారున కీయవలెను, లేదా తన కోశమునుండి యీయవలెను. యాజ్ఞవల్క్యుడు దొంగలెత్తుకొనిపోయిన ద్రవ్యమును రాజు ప్రజకీయవలెననియు, ఈయనిచో ఆ పాపము రాజునకే చుట్టుకొనుననియు చెప్పెను. మనువు కూడ దొంగల చేతినుండి రాబట్టిన సొమ్మును తానే వాడుకొను రాజు దొంగయొక్క పాపమును పొందునని హెచ్చరించెను.

ఇవి వట్టి యుపదేశములు కావు. లెక్క వేయుటకు వీలైన నియమములు. దొంగ యడుగుజాడ గ్రామము దాటి పోయినట్లు కనబడనిచో గ్రామాధికారి పూచీ. పొలిమేరలోపల జరిగినచో ఆ గ్రామము పూచీ; లేదా జాడ యే గ్రామమునకు పోవునో ఆ గ్రామము పూచీ. గ్రామమునకు క్రోశము దాటిన చోట జరిగినచో చుట్టునున్న ఐదు గ్రామములు గాని పది గ్రామములు గాని కలిసి యిచ్చుకొనవలెను. దెబ్బ తిన్నవాని విషయమునను ఇట్టి లెక్కయే కలదు. కొట్టినవాడు రాజునకు దండము చెల్లించుటయే గాక, గాయపడినవాడు లేచి తిరుగువఱకు అగు వైద్యపు ఖర్చు భరింపవలెను. దానికి సముత్థాన వ్యయమని పేరు. లేచి నిలుచుటకయ్యెడి వ్యయము! ఈ పేరు పెట్టినవాడు మంచముపై నున్నవానిని దలచుకొని పెట్టినాడు గాని కోశమును దలచుకొని కాదు.

యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుడగు ఆఱవ విక్రమాదిత్యుని కాలపువాడు. 13వ శతాబ్దమున తిక్కన సోమయాజికి సన్నిహితుడైన కేతన ఆ ధర్మమును తెలుగు పద్యములలోనికి దెచ్చి విజ్ఞానేశ్వరీయమని పేరిడెను. అనగా వ్యవహారధర్మము సంస్కృతమెఱుగనివాని చెవికి గూడ తగులవలెనను కోరిక ఆనాడే మనవారికి గలిగెను.

ఇంతవఱకు చదివి పూర్వకాలమంతయు ధర్మమయమని మురిసిపోవువారు కొంచెము ఆగవలెను. అదే యాపస్తంబుడు చంపబడినవాని నిమిత్తము, వైరము తీర్చుటకై, ఇయ్యవలసిన గోవులను లెక్కించెను: క్షత్రియునకు 1000, వైశ్యునకు 100, శూద్రునకు 10. చచ్చినవాని భార్య కన్నీరు మూడిండ్లలోను ఒక్కటే. వెల మాత్రము నూఱింతలు తేడా. ఆ గోవులు ఎవరికి చెందవలెనను విషయమునను మాట కాలక్రమమున మాఱెను. వైరము తీర్చుట యనగా మొదట చచ్చినవాని బంధువులకిచ్చుటయే యై యుండవలెను. బౌధాయనుని సూత్రమునకు వచ్చుసరికి ఆ గోవులను రాజున కీయవలెనని కలదు. ఇక స్త్రీ విషయమో! సమాన వర్ణపు కన్యను గూడినవాడు తండ్రి కోరినచో శుల్కమియ్యవలెనని మనుస్మృతి. కోరవలసినవాడు తండ్రి, ఆ పిల్ల ఏమి కోరునో యడిగిన వారు లేరు. పూర్వపు ధర్మము బాధితుని మఱవలేదు, నిజమే. కాని యెవరు బాధితులని పిలువబడదగుదురో ఆ ధర్మమే ముందుగా ఏర్చి కూర్చుకొన్నది.

ఈ రెండు ముఖములును మన గ్రామముల కావలి పద్ధతియందు చాల కాలము నిలిచినవి. తలారియు కావలిగాండ్రును పంటలో మేర పుచ్చుకొందురు. అందులకు బదులుగా పోయిన సొమ్ము చూపవలెను, లేదా దాని వెల యిచ్చుకొనవలెను. ఉత్తరదేశమున షేర్‌షా గూడ గ్రామముఖ్యులపై నిట్టి పూచీయే పెట్టెను. ఇది మంచిగా నడచిన చోట్ల బాగుగా నడచినది. చెడిన చోట్ల కావలివాడే దొంగలతో పొత్తు గలిపి, మేర యియ్యని గ్రామమునకు దొంగలను తోలెను. కంపెనీ దొరతనమువారు 19వ శతాబ్దారంభమున పాలెగాండ్ర కావలి హక్కులను తీసివేయుటకు ఈ దుర్మార్గమును కారణముగా జెప్పిరి. ఆ ఫిర్యాదు అబద్ధము కాదు. కాని కావలివాని దుర్మార్గముతో పాటు కావలివాని పూచీని గూడ వారు తుడిచివేసిరి. దాని స్థానమున మఱియొక పూచీని పెట్టలేదు. సర్కారు పోలీసు వచ్చెను. పోయిన సొమ్ముకు సర్కారు హామీ రాలేదు.

ఎందుచేత రాలేదో తెలియవలెనన్న దొరల స్వదేశపు చరిత్రము చూడవలెను.

ఆంగ్లభాషలో వ్రాయబడిన శాసనములలో మొదటివి కెంటు రాజగు ఎథెల్‌బెర్టువి, సుమారు 600వ సంవత్సరపువి. వానిని చదువుట అంగడి ధరలపట్టిక చదివినట్లుండును. బొటనవ్రేలు తెగినచో 20 షిల్లింగులు, చిటికెనవ్రేలికి 11, కన్ను పోయినచో 50. ఈ సొమ్ము దెబ్బతిన్నవానిది, చచ్చినచో వాని బంధువులది. ఇది యొక్క ఇంగ్లండు వింత కాదు. బాబిలోను రాజు హమ్మురాబి శాసనమున, క్రీస్తునకు పూర్వము 18వ శతాబ్దముననే, దోపిడికాడు పట్టుబడనిచో పోయినదానిని ఆ పట్టణమును దాని యధికారియు కలిసి నింపవలెనని యున్నది. ప్రాణము పోయినచో బంధువులకు ఒక మీనా వెండి. ఆపస్తంబుడును హమ్మురాబియు ఒకరి పేరొకరెఱుగరు. అయినను ఇద్దఱకు తోచినది ఒక్కటే.

ఇంగ్లండున రాజు మొదట శాంతిభంగమునకు తన భాగము తాను తీసికొనుచుండెను. ఆ భాగము క్రమముగా పెరిగెను. నార్మను రాజుల తరువాత, ముఖ్యముగా రెండవ హెన్రీ 1166లో క్లారెండను కట్టడ చేసిన పిమ్మట, హత్య, దోపిడి మొదలగు ఘోరనేరములు రాజునకు విరుద్ధమైన నేరములుగా స్థిరపడెను. తర్కము వినుటకు సొంపుగానే యుండును: రాజ్యమున శాంతి రాజుది, దానిని భంగపఱచినవాడు రాజునకు ద్రోహి, కాబట్టి శిక్షించువాడు రాజు. ఇందు గొప్ప మేలు లేకపోలేదు. కులకక్షలును పగతీర్చుకొనుటలును తగ్గెను. బలహీనుని పక్షమున బలవంతుడొకడు నిలిచెను. కాని శిక్షపడిన నేరస్థుని చరాస్తి రాజునకు జప్తు అగుటచే, చంపబడినవాని భార్యాబిడ్డలకు చంపినవాని యింటినుండి రాదగినది రాజు గాదెలోనికి పోయెను. ఈ జప్తు పద్ధతి ఇంగ్లండున 1870 వఱకు నిలిచెను.

ఇంకను విచిత్రమేమనగా, లాభము రాజుది యైనను శ్రమ మాత్రము చాలకాలము బాధితుడే పడవలసివచ్చెను. 1829లో లండనులో క్రొత్త పోలీసుదళ మేర్పడువఱకు, అటుపిమ్మట గూడ కొన్ని దశాబ్దములు, దొంగను వెదకుట, సాక్షులను కూర్చుట, వకీలు ఖర్చు పెట్టుకొనుట సొమ్ము పోయినవాని పనియే. బీదవాడు లెక్కచూచుకొని మిన్నకుండెడివాడు.

బాధితునకు మిగిలిన యొక పాతహక్కు, హతుని బంధువు తానే స్వయముగా నేరస్థునిపై అభియోగము తెచ్చుట. దాని కథ విచిత్రముగా ముగిసినది. 1817లో బర్మింగుహాము సమీపమున మేరీ ఆష్‌ఫర్డు అను యువతి నీటిగుంటలో శవమై కనబడెను. ఆమెను చంపెనని విచారింపబడిన ఏబ్రహాము థార్న్‌టను జ్యూరీచే విడుదల పొందెను. ఆమె యన్న యీ పాతహక్కును బట్టి మరల అభియోగము తెచ్చెను. థార్న్‌టను న్యాయస్థానమున చేతితొడుగు తీసి నేలపై విసరి, ద్వంద్వయుద్ధమున తన నిర్దోషిత్వము నిరూపించుకొందుననెను! న్యాయమూర్తులు పుస్తకములు తిరుగవేసి, 1818లో, చట్టము ప్రకారము ఆ కోరిక చెల్లునని యొప్పుకొనవలసివచ్చెను. బలహీనుడైన అన్న యుద్ధమునకు దిగలేక విరమించుకొనెను. మఱుసటి సంవత్సరము పార్లమెంటు ద్వంద్వయుద్ధమును దానితోపాటు బంధువుల అభియోగహక్కును గూడ రద్దు చేసెను. యుద్ధము పోవుట న్యాయమే. కాని యుద్ధము పోగొట్టుటకు హక్కునే పోగొట్టుట, మన కావలి విషయమున జరిగినట్టి పనియే.

ఇట్టి చరిత్రము గల న్యాయము 1860 నాటి శిక్షాస్మృతిగా మన దేశమునకు వచ్చెను. వ్యాజ్యముల పేర్లే చూడుడు: ఎంపరరు వర్సెస్ ఫలానావాడు. ఈనాడు ఎంపరరు పోయి స్టేటు వచ్చెను. భర్తను పోగొట్టుకొన్న యామె పేరు ఆ శీర్షికయందు లేదు. ఆమె అభియోగపక్షపు ఒకటవ సాక్షి, కాగితములపై పి.డబ్ల్యు. 1. చూచినది చెప్పి బోను దిగిపోవలెను. వాయిదా యెప్పుడో, ముద్దాయి జామీనుపై విడుదలయ్యెనో లేదో, అభియోగమునే సర్కారు విరమించుకొన్నదో, ఆమెకు తెలుపవలెనను విధి చాలకాలము ఎవరికిని లేదు. 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు 545వ సెక్షనున ఒక చిన్న కిటికీ యుండెను: వసూలైన జరిమానానుండి కొంత, సివిలు కోర్టులో గణనీయముగా రాబట్టుకొనదగిన నష్టమున్నచో, బాధితునకిప్పింపవచ్చును. జరిమానా వేయనిచో ఏమియు లేదు. వేసినను చెల్లింపనిచో ఏమియు లేదు. దొంగ దొరకనిచో ఆ ప్రశ్నయే పుట్టదు. ఆపస్తంబుడు మొదలుపెట్టిన చోటు ఈ సెక్షనునకు కంటబడనే లేదు.

20వ శతాబ్దపు నడుమ పండితులకు బాధితుడు కనబడెను. కాని మొదట కనబడిన రీతి విచారకరము. రుమేనియా దేశపు వకీలు బెంజమిన్ మెండెల్‌సన్ 1947లో బుకారెస్టున చేసిన యుపన్యాసమున బాధితులను గూర్చి వేఱొక శాస్త్రమే యుండవలెననెను. 1948లో, హిట్లరు కాలమున జర్మనీ విడిచి అమెరికా చేరిన హాన్స్ ఫాన్ హెంటిగ్ నేరస్థుని, అతని బాధితుని కలిపి పరిశీలించుచు గ్రంథము ప్రకటించెను. ఇద్దఱును పడినది ఒకే ప్రశ్నలో: నేరమునకు బాధితుడెంతవఱకు కారణము? మెండెల్‌సన్ ఏ దోషములేని బాధితుడు మొదలు పూర్తిగా దోషియైన బాధితుని వఱకు ఆఱు తరగతులు కట్టెను. శాస్త్రమునకు వర్గీకరణ మవసరమే. కాని దెబ్బతిన్నవానిని లోనికి పిలిచి కుర్చీ వేయకముందే నీ తప్పెంత యని అడిగినట్లయ్యెను. ఆ శాస్త్రము తరువాత తన్ను తాను దిద్దుకొన్నది. 1973లో జెరూసలేమున దానికి మొదటి అంతర్జాతీయ సభ జరిగెను; 1985 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి బాధితుల న్యాయమును గూర్చి ప్రకటన చేయునాటికి ప్రశ్న మాఱెను: వారికేమి ఋణపడితిమి?

పండితుల తరగతులు పుస్తకములలో నుండిన పర్వాలేదు. అదే బుద్ధి న్యాయస్థానమున నెట్లు పనిచేసెనో మన దేశము చూచినది. 1972లో మహారాష్ట్రమున పోలీసు ఠాణాలో ఒక ఆదివాసి బాలికపై అత్యాచారము జరిగెనని ఇద్దఱు పోలీసులపై అభియోగము. కింది కోర్టు ఆమె నడవడినే విచారించి వారిని విడిచెను. హైకోర్టు శిక్షించెను. 1978లో సుప్రీముకోర్టు, ఆమె దేహముపై గాయములు లేవు, ప్రతిఘటించిన గుఱుతులు లేవు అని తిరిగి విడిచెను. ఠాణాలో రాత్రివేళ ఇద్దఱు పోలీసుల యెదుట ఒక నిరుపేద బాలిక ఎట్లు ప్రతిఘటింపవలెనో తీర్పు చెప్పలేదు. 1979లో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కారు, వసుధా ధగంవార్, రఘునాథ కేల్కర్ అను నలుగురు న్యాయశాస్త్రాచార్యులు ప్రధానన్యాయమూర్తికి బహిరంగలేఖ వ్రాసిరి. దానినుండి దేశవ్యాప్తమైన స్త్రీల యుద్యమము లేచెను. 1983లో చట్టము మాఱెను: పోలీసుల నిర్బంధమువంటి స్థితులలో సంభోగము రుజువైనప్పుడు, తాను సమ్మతింపలేదని స్త్రీ చెప్పిన మాటనే న్యాయస్థానము నమ్మి మొదలుపెట్టవలెను, ఆమె పేరు ప్రకటించుట నేరము.

మన హైదరాబాదున గూడ 1978లోనే యిట్టిది జరిగెను. నల్లకుంట ఠాణాలో భార్యపై జరిగిన అత్యాచారమును ఎదిరించిన రిక్షాకార్మికుడు పోలీసుల దెబ్బలకు చనిపోయెను. నగరము భగ్గుమన్నది, కర్ఫ్యూ విధింపబడెను. న్యాయమూర్తి ముక్తదర్ విచారణసంఘము పోలీసులదే దోషమని తేల్చెను. కాని ఆ విచారణ జరిగినంతకాలము పోలీసుల పక్షము శ్రమపడినది ఆమె శీలము మంచిది కాదని చూపుటకే. కేసు కర్ణాటకమునందలి రాయచూరునకు మార్చబడెను. అచ్చట 1981లో ముద్దాయిలు విడుదలయిరి. స్త్రీ శీలమును ఆమె సాక్ష్యమును త్రోసివేయు సాధనముగా వాడుకొనుటకు సాక్ష్యచట్టమిచ్చిన యవకాశము 2003లో గాని తొలగలేదు. వైద్యపరీక్షలో రెండు వ్రేళ్ల పరీక్ష యను నీచాచారమును సుప్రీముకోర్టు 2013లో ఖండించి, అది ఇంకను సాగుచున్నదని తెలిసి, 2022లో దానిని చేయు వైద్యుడు దుష్ప్రవర్తన దోషి యగునని చెప్పవలసివచ్చెను.

చట్టమునే నిందించి లాభమేమి? ఆ బుద్ధి ఠాణాకు పోకముందు మన యిండ్లలోనే పుట్టుచున్నది. ఆడపిల్లకు కీడు జరిగినప్పుడు మొదటి ప్రశ్న, ఆ వేళకు అచ్చటికెందుకు పోతివి, అని తల్లియే వేయును. రెండవ మాట, ఎవరికిని చెప్పకుము, అని తండ్రి చెప్పును. పరువు నిమిత్తము ఫిర్యాదు మ్రింగివేసిన కుటుంబములు ప్రతి గ్రామమునను గలవు. మెండెల్‌సన్ ఆఱు తరగతులు కట్టెనని ఆక్షేపించు మనము, ఇంటిలోనే ఎన్ని తరగతులు కట్టుదుమో!

ధనపరిహారము విషయమున క్రొత్త త్రోవ చూపినది మార్జరీ ఫ్రై అను ఇంగ్లీషు వనిత. ఈమె జీవితమంతయు ఖైదీల బాగునకు పాటుపడినది. అట్టి యామె వృద్ధాప్యమున బాధితుల తరఫున కలము పట్టుట గమనింపదగినది. నేరస్థునిపై దయయు బాధితునిపై దయయు ఒండొంటికి శత్రువులని భావించువారికి ఈమె జీవితమే సమాధానము. దెబ్బలచే కన్నులు పోగొట్టుకొన్న ఒకనికి న్యాయస్థానము 11,500 పౌనులు ఇప్పించెను. కొట్టిన యిద్దఱును వారమునకు అయిదేసి షిల్లింగులు చెల్లింపవలెను. లెక్క చూచినచో ఆ గ్రుడ్డివాడు కడపటి వాయిదా పుచ్చుకొనుటకు 442 సంవత్సరములు బ్రదుకవలెనని ఈమె చూపెను. నేరస్థునినుండి రాబట్టుట యను మాటలోని శూన్యతను ఇంతకన్న చక్కగా చూపినవారు లేరు. పరిహారము రాజ్యమే యియ్యవలెనని 1957లో ఈమె వ్రాసెను; 1958లో మరణించెను. న్యూజిలాండు 1963లో అట్టి చట్టము చేసెను. బ్రిటను 1964లో, అమెరికాలో కాలిఫోర్నియా 1965లో అనుసరించినవి. గౌతముని కోశము రెండువేల యేండ్ల పిమ్మట, వేఱొక ద్వీపమున, మరల తెఱవబడెను.

మన దేశమున కోశము తెఱచినవారు మొదట శాసనకర్తలు కారు, న్యాయమూర్తులు. 1973 నాటి కోడులో 357వ సెక్షను జరిమానాతో నిమిత్తము లేకుండ పరిహారము వేయుటకు న్యాయస్థానముల కధికారమిచ్చెను. కాని దానిని వాడిన న్యాయస్థానములు తక్కువ. 1983లో బీహారునందు ఒక వ్యక్తి నిర్దోషియని తీర్పు పొందిన తరువాత 14 ఏండ్లకు పైగా చెఱలోనే యుండిన సంగతి బయటపడెను. సుప్రీముకోర్టు ప్రభుత్వముచే మొత్తము 35,000 రూపాయలిప్పించెను. ఏండ్లతో భాగించి చూచిన సిగ్గుపడవలసిన మొత్తము. అయినను తప్పుచేసిన రాజ్యము బాధితునకు చేతులార ఇచ్చుకొనవలెనను నియమము నిలిచెను. 1988లో ఒరిస్సానుండి ఒక తల్లి సుప్రీముకోర్టుకు ఉత్తరము వ్రాసెను. పోలీసులు తీసికొనిపోయిన ఆమె 22 ఏండ్ల కుమారుని శవము మఱునాడు రైలుపట్టాలపై కనబడెను. వకీలు లేని ఆ ఉత్తరమునే కోర్టు వ్యాజ్యముగా స్వీకరించి, 1993లో ఆమెకు 1,50,000 రూపాయలిప్పించెను.

అసలైన మార్పు 2008 నాటి సవరణతో వచ్చి, 2009 డిసెంబరు 31 నుండి అమలయ్యెను. బాధితుడనగా ఎవరో కోడు మొదటిసారి నిర్వచించెను. నష్టపడినవాడే గాక వాని సంరక్షకుడును వారసుడును అందు చేరుదురు. ముద్దాయి విడుదలయైనచో అప్పీలు చేయు హక్కు బాధితునకు వచ్చెను. ప్రతి రాష్ట్రమును పరిహారనిధి యేర్పఱుపవలసివచ్చెను. నేరస్థుడెవరో తెలియకున్నను, పట్టుబడకున్నను, విచారణయే జరుగకున్నను, బాధితుడు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఆ సంస్థ రెండు నెలలలో విచారించి తేల్చవలెను. ప్రథమచికిత్సయు వెంటనే కావలసిన సాయమును దీనికి ముందుగానే ఇప్పింపవచ్చును. దొంగ దొరకనిచో నేమి యను ప్రశ్నకు మన చట్టమున జవాబు మరల వ్రాయబడినది ఇక్కడనే. 2013లో ఆమ్లపు దాడికి గుఱియైన యువతి తెచ్చిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు అట్టి బాధితులకు 3 లక్షల రూపాయలకు తగ్గకుండ ఇయ్యవలెననెను. ఆ సంవత్సరముననే, పరిహారము వేయవలెనా వద్దా యని ప్రతి క్రిమినలు కేసులోను న్యాయస్థానము ఆలోచింపకతప్పదనియు, కారణములు వ్రాయవలెననియు మఱియొక తీర్పున చెప్పెను.

డబ్బు సంగతి యట్లుండగా, నోరు విప్పు హక్కు ఇంకను నెమ్మదిగా వచ్చుచున్నది. 2022లో ఉత్తరప్రదేశమునందలి రైతుల మరణముల కేసులో, ముద్దాయికి జామీను ఇచ్చిన హైకోర్టు విచారణయందు మృతుల కుటుంబముల వకీలు యంత్రసంబంధము తెగిపోయి మాటాడజాలకపోయెను. తరువాత మరల వినుమన్న కోరికయు చెల్లలేదు. సుప్రీముకోర్టు ఆ జామీనును కొట్టివేసి, నేరము జరిగిన నాటినుండి ప్రతి దశయందును బాధితునకు వినిపించుకొను హక్కు గలదనెను. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, దర్యాప్తు ఎంతవఱకు వచ్చినదో 90 దినములలో బాధితునకు తెలుపవలెననియు, బాధితుని మాట వినకుండ అభియోగమును విరమించుకొను అనుమతి ఇయ్యరాదనియు విధించెను. పరిహారపు సెక్షనులకు అందు 395, 396 సంఖ్యలు వచ్చినవి. బాధితునకు వకీలును పెట్టుకొనుటకు అనుమతి కలదు. కాని ఆ వకీలు ప్రాసిక్యూటరునకు సాయపడవలసినవాడే గాని, తానుగా విచారణ నడుపువాడు కాడు.

ఈ హక్కులలో పెక్కు వానిని గూర్చి ఠాణాలో ఎవరును పిలిచి చెప్పరు. చదువుకొన్న కుటుంబమువారికే 396వ సెక్షను తెలియదన్నచో, కూలి చేసికొని బ్రదుకు తల్లికెట్లు తెలియును? దరఖాస్తు పెట్టుటకు రుసుము లేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయము సాధారణముగా జిల్లాకోర్టు ఆవరణముననే యుండును. ఫిర్యాదు నకలు, వైద్యుని పత్రము, చనిపోయినచో మరణపత్రము వెంట తీసికొనిపోయిన చాలును. పొరుగింట నట్టి కష్టము వచ్చిననాడు ఆ తల్లివెంట ఆ కార్యాలయమువఱకు నడచి, కాగితము వ్రాసిపెట్టగలవారు మన చదువరులలో చాలమంది యున్నారు.